మేడం ఓకే చెప్పని ప్రొపెల్లర్

మా మేడం పోయారు. శ్రీనగర్ కాలనీలోని ఇంట్లో పొద్దున్నే కాఫీ కలుపుతూ కుప్పకూలిపోయారట. కబురు పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. దాని పైన ఎవరిదో పుట్టినరోజు కేకు, కింద ఒక బొటనవేలి బొమ్మ. ఆ బొటనవేలు పెట్టిన మనిషిని నేనేమీ అనలేను. ఆమె దగ్గర పనిచేసి ఏడవని వాళ్లు మాలో ఎవరూ లేరు.

ఐటీ జోరు మీదున్న ఆ రోజుల్లో జూబ్లీహిల్స్‌లో ఏ బంగళా చూసినా కంపెనీయే. మా బంగళా ముందు గదుల్లో సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లుండేవారు, వెనక షెడ్డులో మేము చిన్న విమానాలకు ప్రొపెల్లర్లు చేసేవాళ్లం. మామూలు ప్రొపెల్లర్ రెక్కలు బిగించిన కోణంలోనే ఉండిపోతాయి. మావి గాలిలో ఉండగానే కోణం మార్చుకుంటాయి. పైకి లేచేటప్పుడు ఒకలా, నిలకడగా పోయేటప్పుడు ఇంకోలా. వాటిని తిప్పేది లోపలున్న చిన్న కరెంటు మోటారు. తిరగాల్సినంత తిరిగాక మోటారును ఆపేది ఒక స్విచ్. ఆ స్విచ్ ఆపకపోతే రెక్కలు చదునైపోతాయి. ఇంజన్ అరుస్తుంది గాని విమానాన్ని లాగే బలం ఉండదు.

టెస్టింగ్ అంతా మేడందే. కాకినాడ మనిషి. రెక్కను మొదలు దగ్గర రెండు చేతులా పట్టుకుని, వదులుందేమోనని పంటిని కదిపి చూసినట్టు కదిపేవారు. ప్రొపెల్లర్‌ను వేడి పెట్టెలో మగ్గబెట్టేవారు, ఉప్పునీళ్లు చల్లేవారు, తిరుగుతుండగానే కరెంటు తీసేసేవారు. పక్కింట్లో డబ్బింగ్ స్టూడియో. మా చప్పుడు వాళ్ల మైకుల్లో పడుతోందని గొడవ. అందుకని వాళ్లు భోజనానికి లేచినప్పుడే మేము తిప్పేవాళ్లం. ఆ ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను మధ్యాహ్నం వేడన్నం తినలేదు.

మా మీదా అంతే. చేరిన కొత్తలో నేనొక నట్టు వదులుగా బిగించాను. అందరి ముందూ, "మీ అమ్మని ఎక్కించు దీంట్లో. కింద నుంచుని చూద్దాం" అన్నారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏడవాలంటే వెళ్లి ఏడ్చిరా. వచ్చాక ఆ నట్టు మళ్లీ బిగించు."

కొత్త మోడల్‌ను వేడి పెట్టెలో తిప్పుతుండగా ఆ స్విచ్ ఒకసారి పట్టేసింది. మళ్లీ తిప్పితే బాగానే పనిచేసింది.

"ఒక్కసారే గదా మేడం," అన్నాను.

"పడేది కూడా ఒక్కసారేనమ్మా."

స్విచ్ మాట వినకపోయినా రెక్కలు దాటిపోకుండా లోపల ఒక ఇనుప అడ్డు పెట్టాలన్నారు. బరువు పెరుగుతుంది, ఆలస్యమవుతుంది అన్నాడు ఎండీ. అడ్డు పెట్టేదాకా ఓకే చెప్పనన్నారు మేడం.

ప్రొపెల్లర్లను గాల్లో పరీక్షించడానికి కంపెనీకి ఒక చిన్న విమానం ఉండేది. ఆమె తమ్ముడే దాని పైలట్. మేడంను నవ్వించగల మనిషి మొత్తం కంపెనీలో అతనొక్కడే. ఫిల్మ్‌నగర్ నిర్మాత ఒకాయన పాట షూటింగ్‌కు మా విమానం అడిగాడు. కొత్త మోడల్ తెరమీద కనబడాలని ఎండీకి ఆశ. సరిగ్గా అప్పుడే తల్లికి కంటి ఆపరేషన్ అని మేడం సెలవు పెట్టారు. ఎండీ అడ్డు లేని ఆ ప్రొపెల్లర్‌నే బిగింపజేసి తీసుకుపోయాడు.

ఆ రోజు విమానం ఎక్కేటప్పుడు అతని పక్కనున్న మా మెకానిక్ అన్న తర్వాత చెప్పాడు: "అక్క ఓకే అన్నదట, ఇంకేం ఫికర్ అనుకుంట నవ్వుకుంట ఎక్కిండు."

నేల విడిచిన కాసేపటికే రెక్కలు చదునైపోయాయి. విమానం మక్కచేనులో పడింది. అతను అక్కడికక్కడే పోయాడు. పాటకని పెట్టిన కెమెరాలు అంతా తీశాయి.

విరిగిన ప్రొపెల్లర్ వ్యానులో మా షెడ్డుకే వచ్చింది. మేడం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. దానికి అంటుకున్నది మట్టి ఒక్కటే కాదు. అంతా ఆమే తుడిచారు. ఒక్కొక్క మరా విప్పి, స్విచ్ బయటికి తీసి, "ఇదే" అన్నారు. నన్ను ఫొటో తియ్యమన్నారు. "వణక్కు. చెదిరిపోతుంది."

ఎండీ వచ్చి మెల్లగా అన్నాడు. "పైలట్ పొరపాటని రాసేద్దామండీ. తమ్ముడు ఎలాగూ తిరిగిరాడు. ఇంతమంది ఉద్యోగాలున్నాయి."

"రాయను."

మేడంను ఉద్యోగంలోంచి తీసేశారు. విచారణలో ఎండీ, "ఆవిడే తమ్ముడికి ఫోన్‌లో ఓకే చెప్పారు, నాకేం తెలియదు" అన్నాడు. విచారణ ఎటూ తేలలేదు. తేల్చింది తల్లి ఒక్కతే. "అక్క ఓకే అందన్నాడట గదా. పోయేముందు నా కొడుకు అబద్ధమాడతాడా?" అని, ఆ రోజు నుంచి కూతురితో మాట మానేసింది. ఒకే ఇంట్లో ఉంటూ, "నా మాత్రలెక్కడ పెట్టిందో దాన్నడుగు" అని పనమ్మాయితో అనేది. మేడం నాతో ఒక్కసారే ఎత్తారు ఆ సంగతి. "వంట మాత్రం నా చేతిదే తింటోంది. చాల్లే."

తర్వాత ఆమె వేరే షెడ్లకు వెళ్లి టెస్టింగ్ చేసేవారు. నేనూ వెంట నడిచాను. తిట్లు తగ్గలేదు. ఈరోజు నా చేతి మీదుగా పోయే ప్రతి ప్రొపెల్లర్‌లో ఇనుప అడ్డు ఉంటుంది. వాటిని నమ్ముకుని ఎక్కినవాళ్లు దిగి ఇళ్లకు వెళ్తున్నారు. మేడం పేరు వాళ్లెవరికీ తెలియదు.

చివరిచూపుకు ఎండీ పెద్ద పూలచక్రంతో వచ్చాడు. వాకిట్లో పడుకోబెట్టిన ఆమె పక్కన నిలబడి, గొంతు బరువు చేసుకుని, "ఆమె ఓకే అనకుండా మా కంపెనీలో ఏదీ గాల్లోకి లేవలేదు" అన్నాడు.

వెనక నుంచి మెకానిక్ అన్న గొంతు లేచింది. ఇప్పుడాయన పని మానేసి మోతీనగర్‌లో ఉంటున్నాడు.

"లేసింది సార్. ఒకటి లేసింది. మేడం ఓకే అన్నదని తమ్మునికి చెప్పింది మీరే. నేను గాడనే ఉన్న. నౌకరీ పోతదని గిన్నేండ్లు నోరు మూసుకున్న."

ఎండీ ఫోన్ చూసుకుంటూ కారు వైపు నడిచాడు.

కుర్చీలో ఉన్న తల్లికి సరిగ్గా వినబడదు. నా చెయ్యి పట్టుకుంది. "ఏమంటున్నాడే వాడు?"

చెవిలో చెప్పాను. "మళ్లీ చెప్పు" అంది. మళ్లీ చెప్పాను.

ఆవిడ కుర్చీలోంచి నేల మీదికి జారి, పాకుతున్నట్టు కూతురి దగ్గరికి వెళ్లింది. కప్పిన దుప్పటి తప్పించి పాదాలు పట్టుకుంది. "ఇంత చల్లగా ఉన్నావేంటే తల్లీ" అంది. బండి వచ్చి హారన్ కొట్టేదాకా ఆ పాదాలను అరచేతులతో రుద్దుతూనే ఉంది.