ఎడమచేతికి మీట పెట్టిన మేస్త్రి

మా తుపాకుల మేస్త్రి పోయాడని పోయిన సోమవారం ఆయన కూతురు ఫోన్ చేసింది. నేను అప్పుడు కళ్యాణదుర్గం దగ్గర మా చీనీకాయల తోటలో, నీళ్లు రాని డ్రిప్పు పైపును తిట్టుకుంటూ ఉన్నాను. "పొద్దున టీ తాగి కుర్చీలో అట్లే ఒరిగినాడక్కా. మీకు చెప్పమని మా అమ్మ అనింది" అంది. నేను ఫోన్లోనే ఏడుపు అందుకుంటే తనే నన్ను ఓదార్చింది. తండ్రిని పోగొట్టుకున్న పిల్ల చేత ఓదార్పు చెప్పించుకున్నందుకు సిగ్గేసింది. ఆ సిగ్గు కాస్త తగ్గుతుందేమోనని ఇది రాస్తున్నాను.

అనంతపురంలో ఆయనది లైసెన్సు తుపాకులు బాగుచేసే చిన్న గది. మా నాయన కాలం నుంచి మాకు అదే దుకాణం. నాయన రాజకీయాల్లో తిరిగిన మనిషి. పదవులు పెద్దగా రాలేదు గానీ శత్రువులకు మాత్రం కొదవ లేదు. ఆయన పోయాక తోటతోపాటు ఆ శత్రువులూ నా వాటాకే వచ్చారు. లైసెన్సు మార్పించుకుని పిస్తోలు కూడా నా పేరుకు తెచ్చుకున్నాను. చిక్కల్లా నాది ఎడమచేతి వాటం కావడం. పిస్తోలు పేలకుండా ఆపే సేఫ్టీ మీట ఎడమ పక్కన ఒక్కటే ఉంది. కుడిచేత్తో పట్టుకున్నవాళ్ల బొటనవేలికి అది సరిగ్గా అందుతుంది. నాలాంటివాళ్లు రెండో చేయి కూడా తేవాలి. అంత తీరిక శత్రువు ఇస్తాడా?

చిన్నప్పుడు ఎడమచేత్తో ముద్ద ఎత్తితే మా అవ్వ చేతిమీద ఒక్కటిచ్చేది. బడిలో బలపం లాక్కుని కుడిచేతిలో పెట్టేవాళ్లు. మేస్త్రి కూడా అదే అంటాడనుకుని, ఆయన నోరు తెరవకముందే "నేను కుడిచేయి నేర్చుకుంటాలే మేస్త్రీ" అన్నాను. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి నా వైపు చూశాడు.

"ఏమ్మా, భయమైనప్పుడు నీకు ముందర ఏ చెయ్యి లేస్తాది?"

"ఎడమదే."

"అట్లయితే దాన్నెందుకు ఏడిపించేది? ఇనుము నా మాట వింటాది. ఇనుమునే మారుస్తా."

అప్పటికి నాకు నలభై రెండేళ్లు. నా చేతిని తప్పుపట్టని మనిషిని చూడటం అదే మొదలు. బయటికొచ్చి కారులో కూర్చుని కాసేపు ఏడ్చాను.

రెండు పక్కలా మీటలుండే జత తెప్పించాడు. పెట్టెలోంచి తీసి బిగిస్తే అయిపోతుందనుకున్నాను. ఆయన పని అలా ఉండేది కాదు. ఇనుము అరగదీసే ఆకురాయితో రెండు గీతలు గీయడం, పెట్టి చూడటం, తీయడం, మళ్లీ రెండు గీతలు. "వెంట్రుకంత ఎక్కువైతే మీట పడదు. తక్కువైతే పడినట్లే ఉండి మోసం చేస్తాది" అనేవాడు. ఎవరైనా తొందరపెడితే ఆకురాయి కింద పెట్టి, తమలపాకుకు సున్నం రాసుకుంటూ కూర్చునేవాడు. తుపాకీ ఖాళీగానే ఉందని ఎంత పెద్ద మనిషి చెప్పినా "నోటితో చెప్పద్దు సామీ, తెరిచి చూపీ" అనేవాడు. ఆ మాటకు ఒక నాయకుడు అలిగి నా ముందే లేచిపోయాడు. ఈయన ఆలోగా ఇంకో ఆకు నమిలాడు.

మూడో వారంలో ఖాళీ పిస్తోలు నా చేతిలో పెట్టి, వందసార్లు మీట ఎక్కించి దించమన్నాడు. డెబ్బై అయ్యేసరికి బొటనవేలు బొబ్బలెక్కింది. "ఇంక ముప్పై" అన్నాడు. తర్వాత దాన్ని తన కుడి నడుముకు పెట్టుకుని వంగాడు, లేచాడు, గొంతుక్కూర్చున్నాడు. అప్పుడు రెండో తరగతి చదువుతున్న మా పాప ఆ విన్యాసాలు చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. అన్నాళ్లూ హ్యాండ్‌బ్యాగులో పడివున్న పిస్తోలు ఆ రోజు నుంచి నా ఎడమ నడుముకు వచ్చింది.

పది రోజులు తిరిగాయో లేదో, మిట్టమధ్యాహ్నం ఆయన మా ఇంటి ముందు షేర్ ఆటో దిగాడు. చెప్పులు విప్పకముందే "పిస్తోలు యాడుండాది?" అన్నాడు. నేను గుండ్లు తీసి అరుగు మీద పెట్టేదాకా మంచినీళ్లు కూడా ముట్టలేదు.

ముందురోజు పెండ్లి చీరలకని చుట్టాల కారులో ధర్మవరం పోయాడట. డ్రైవరు పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంటే దాని కొక్కెం కుడి నడుము దగ్గర పడిందట. తాను పిస్తోలు పెట్టుకుని చూసింది సరిగ్గా ఆ చోటే.

"డ్రైవరు సీట్లో ఆ కొక్కెం ఎడమ పక్క పడతాది. నీ పిస్తోలుండేదీ ఆడే. కొత్త జతలో ఎడమ మీట కూడా వెడల్పయింది, నీ నడుముకు బయటి పక్కుండేదీ అదే. కొక్కెం తగిలి అది దిగిందంటే పిస్తోలు పేలేదానికి సిద్ధమే, నీకు తెలియను కూడా తెలీదు. నీ చేతికని చేసినా గానీ, చూసింది నా నడుముకు పెట్టుకోని. తప్పు నాదేమ్మా."

ఖాళీ పిస్తోలు నడుముకు పెట్టుకుని కారులో కూర్చున్నాను. నాలుగోసారి బెల్టు బిగించేసరికి మీట దిగిపోయి ఉంది. ఆ పది రోజులూ పాపను బడికి దించింది నేనే, ఆ కారులోనే.

ఆయన మీద నాకు కోపం రావాలి. రాలేదు. మా నాయన చుట్టూ తిరిగిన అంతమందిలో, తప్పు నాదని చెప్పడానికి అంత ఎండలో బస్సూ ఆటో మారి వచ్చిన మనిషిని నేను ఒక్కణ్ణీ చూడలేదు. ఆయన నోరు మెదపకుండా ఊరుకుని ఉంటే, ఏదైనా జరిగాక కూడా అందరూ నా ఎడమచేతినే తిట్టేవాళ్లు.

వరండాలో పీట మీద కూర్చుని, ఎడమ పక్క మీటను పిస్తోలుకు అతుక్కున్నట్టు సన్నగా అరగదీశాడు. "ఇది నీకు పనికొచ్చేది కాదు. కుడిపక్కదే నీది" అన్నాడు. అన్నం పెడతానంటే "చూసినాక" అన్నాడు.

ఖాళీ పిస్తోలు ఈసారి తన ఎడమ నడుముకు పెట్టుకుని, నా డ్రైవింగ్ సీట్లో కూర్చున్నాడు. బెల్టు పెట్టుకున్నాడు, తీశాడు, మీట చూసుకున్నాడు, దిగాడు, మళ్లీ ఎక్కాడు. కారు పెనంలా కాలుతోంది. పదిహేను దాకా లెక్కపెట్టి నాకే విసుగొచ్చింది.

"చాలు మేస్త్రీ, ఎండదెబ్బ తగుల్తాది. దిగండి."

ఆయన పక్కసీటు వైపు గడ్డంతో చూపించాడు. "పాప కూర్చునేది ఈడనే కదమ్మా" అన్నాడు.

చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఒక చేత్తో తలుపు పట్టుకుని, ముసలి మోకాళ్లను స్టీరింగు కిందినుంచి ఒక్కొక్కటే బయటికి తెచ్చుకుని దిగాడు. మళ్లీ ఎక్కి, బెల్టు లాక్కున్నాడు.