పెదపాడులో నాకు తిరిగి దొరికిన ప్రార్థన

సహోదరులారా, సహోదరీలారా, దేవుడు నన్ను అడవిలో ఎలా కాపాడాడో చెప్పమని మీరు చాలాసార్లు అడిగారు. ఈ రోజు మాత్రం ఆయన నన్ను పెదపాడులో, మా అన్నయ్య ఇంటి వంటగదిలో, ఎలా కాపాడాడో చెబుతాను.

పెళ్ళైన కొత్తలోనే నేనూ మా ఆయనా భద్రాచలం అవతల కోయగూడేలకు సువార్త పనికి వెళ్ళాము. ఆయన బడి చెప్పేవారు, నేను పురుళ్ళు పోసేదాన్ని, మాకు పిల్లలు కలగలేదు గనుక గూడెం పిల్లలే మా పిల్లలనుకున్నాము. చివరికి మన్యపు జ్వరం ఆయనను తీసుకుపోయింది. ఆయనను ఆ మట్టిలోనే ఉంచి, అదే జ్వరంతో వణుకుతున్న నన్ను సంఘ పెద్దలు పెదపాడులో మా అన్నయ్య ఇంటికి పంపారు.

ఏలూరు స్టేషనుకు సంఘమంతా పూలదండలతో వచ్చింది. కష్టకాలం గడిచిపోయిందనుకున్నాను గానీ, నా చీకటి అక్కడే మొదలైంది. గూడెంలో జావ తాగి బతికిన నాకు ఇక్కడ వరి అన్నం గొంతు దిగేది కాదు. ప్రార్థన గుడి దగ్గర అందరూ ప్రేమగానే పలకరించేవారు, "పులిని చూశారాండీ?" అని అడిగేవారు, నేను జవాబు చెప్పేలోగా మాట తాడేపల్లిగూడెంలో కొత్తగా పెట్టిన రైసుమిల్లు మీదికి పోయేది. అది వాళ్ళ తప్పు కాదు, ఏమడగాలో వాళ్ళకు తెలియదు, ఎలా చెప్పాలో నాకూ తెలియదు.

అన్నిటికంటే ప్రార్థన పోవడం నన్ను కుంగదీసింది. అన్నేళ్ళూ దేవునితో కోయమాటలోనే మాట్లాడాను. తెలుగులో ప్రార్థించబోతే ఎవరివో మాటలు అరువు తెచ్చుకున్నట్టుండేది, కోయలో ప్రార్థిస్తే ఆమెన్ అనేవారు లేరు. కూడికలో పెద్దలు నన్ను ప్రార్థించమంటే లేచి నిలబడి, పెదవి కదలక, మళ్ళీ కూర్చున్నాను. తరువాత గుడికి వెళ్ళడమే మానేశాను. ఇంకొకసారి జ్వరం వస్తే తట్టుకోలేవని డాక్టరుగారు చెప్పినా, గూడెం వెళ్ళిపోదామని పెట్టె సర్దాను. సేవకు కాదు, మా ఆయన పక్కన పడుకోవడానికి.

ఆ మధ్యాహ్నం మా వదిన కొల్లేటి చేపలు తోముతూ ఆ పెట్టె చూసింది. కోప్పడలేదు.

"కూర్చో శాంతమ్మా. వెళ్తే వెళ్దువుగానీ, ముందు అక్కడి వాళ్ళ పేర్లు చెప్పు. నువ్వు ఎవరి మధ్యన బతికావో ఇన్నాళ్ళూ నేనడగనే లేదు."

చెప్పడం మొదలుపెట్టాను. నా చేతుల్లో మొదటి బిడ్డను కన్న ముత్తి, ప్రభువును ఎరగకపోయినా మా ఆయనకు సమాధి తవ్విన ఇడమయ్య, మా ఆయన ఆఖరి రోజుల్లో ఏమన్నారో, ఎంత దాహమన్నారో, అన్నీ చెప్పాను. అన్నయ్య భోజనానికి వస్తే, "కాసేపాగండీ, మా మాట ఇంకా అవ్వలేదు" అంది వదిన.

తరువాత చేతులు కడుక్కుని వచ్చి, నా పక్కన మోకరించి, "ప్రభువా, ముత్తినీ ఇడమయ్యనీ నేనెప్పుడూ చూడలేదయ్యా, మా శాంతమ్మ చూసింది. తనకి నోరు పెగలడం లేదు, అందాకా నేనడుగుతున్నాను. వాళ్ళని కాయి, దీన్నీ కాయి తండ్రీ" అని ప్రార్థించింది.

ఆయనను సమాధి చేసిన నాటి నుంచి రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఏడుస్తూనే కోయమాటలో నా దేవుణ్ణి పిలిచాను. ఒక్క మాటా అర్థం కాకపోయినా, చివర వదిన ఆమెన్ అంది.

ఒక్క రోజులో అంతా బాగైపోలేదు, ఆ పెట్టె ఇంకా కొన్ని వారాలు సర్దే ఉంది. అయినా ఇప్పుడు మా స్త్రీల కూడికలో ముత్తి కోసం ప్రార్థించేవారున్నారు. వదినా నేనూ పడవ మీద కొల్లేటి లంకలకు వెళ్ళి బాలింతలను చూసి వస్తున్నాము. కొండలు గుర్తుకొచ్చి మనసు పీకే రోజులు ఇప్పటికీ ఉన్నాయి, ఆ సంగతీ ప్రభువుతోనే చెప్పుకుంటాను.

ప్రియులారా, దూరం నుంచి తిరిగి వచ్చినవారు మీ ఇంట ఉంటే పక్కన కూర్చుని అడగండి. సొంతవాళ్ళ మధ్యే పరాయిగా ఉన్నవారు మీలో ఉంటే, మాటలు కుదిరేదాకా ఆగకుండా వచ్చిన మాటతోనే ఆయనను పిలవండి, ఆయన వింటాడు. నాకు నోరు రాని కాలంలో మా వదిన నోట నా ప్రార్థన పెట్టిన దేవునికే మహిమ.