రేడియోలో నేను పలకని పేరు

మా గడ్డ మీద రేడియో ఉన్న ఆ రోజుల్లో, మనిషి కంటే ముందు మనిషి పేరు ఏరు దాటేది. గడ్డ అంటే ఇంకేదో అనుకునేరు. కృష్ణ రెండు పాయలుగా చీలి మధ్యలో వదిలేసిన నేల అది, దాని మీద మా ఊరు. గద్వాల బజారుకు పోవాలన్నా, జ్వరానికి ఒక మందు గోళీ కావాలన్నా పుట్టి ఎక్కి ఏరు దాటాల్సిందే. అటువంటి చోటికి పట్నం నుంచి ఒక సంస్థ వాళ్ళు వచ్చి, బడి పక్క గదిలో యంత్రం పెట్టి, పైన ఇనుప స్తంభం నిలబెట్టి, లోపల గోడల నిండా గొంగళ్ళు కొట్టి (బయటి చప్పుడు లోపలికి రాకుండా అట; వాన పడితే మాత్రం ఆ తడి వాసనకు గొర్రెల మంద మధ్య కూర్చున్నట్టే ఉండేది) రేడియో మొదలుపెట్టారు. అందులో మాట్లాడే మనిషి కోసం వెతుకుతూ ఏటి ఒడ్డుకు వచ్చినప్పుడు, పుట్టి కోసం నేను వేసిన కేక వాళ్ళ చెవిన పడింది. అవతలి ఒడ్డున ఉన్న పుట్టి మామ ఉలిక్కిపడి తెడ్డు జారవిడిచాడు. నాకు ఉద్యోగం వచ్చింది. చదువు ఐదో తరగతితోనే ఆగినా చీటీలు కూడబలుక్కుని చదవగలను, అదీ కలిసొచ్చింది.

పొద్దున పుట్టి ఎప్పుడు బయల్దేరుతుందో, పైన డ్యాం గేట్లు ఎత్తారో లేదో, ఎవరి ఎద్దు తప్పిపోయిందో చెప్పేదాన్ని. ఆ తర్వాత చీటీలు పంపినవాళ్ళ పేర్లు చదివి వాళ్ళడిగిన పాటలు వేసేదాన్ని. ఈ మాటలు గాలిలో గడ్డంతా తిరిగి, రెండు ఒడ్డుల పొలాల దాకా పోయేవి. గద్వాల వైపు ఒడ్డున ఉన్న ఊరే మా పుట్టిల్లు. మా అమ్మ సీడు పత్తి చేలో విత్తనం కోసం పువ్వుకు పువ్వు రుద్ది కలుపుతూ, నడుముకు చిన్న రేడియో కట్టుకుని నా గొంతు వినేది. వరదలొస్తే పుట్టి ఆగిపోతుంది, మనిషి రాకపోకలు ఉండవు, గొంతొక్కటే దాటుతుంది. అందుకే ఆ గొంగళ్ళ గది నుంచి నన్ను ఎవరైనా లేపేస్తారేమోనని నాకు ఎప్పుడూ భయంగానే ఉండేది.

చిక్కల్లా ఒక్కటే. మా గడ్డ మీద ప్రతి ఇంట్లో పెద్దకొడుక్కి ఏటి ఒడ్డు దేవుడి పేరే పెడతారు. మా ఆయనా వాళ్ళింటి పెద్దకొడుకే. పెళ్ళాం నోట మొగుడి పేరు వస్తే ఆయన ఆయుష్షు తరిగిపోతుందని మా అత్త గట్టి నమ్మకం. (ఇక్కడ కూడా రాయడం లేదని మీరు గమనించే ఉంటారు.) నేను రేడియోకు పోయిన మొదటి రోజే పొయ్యి ముందు కూర్చోబెట్టి చెప్పింది.

“చూడు పిల్లా, ఊరందరి పేర్లు పలుకు, నాకేం తక్లీఫ్ లేదు. నా కొడుకు పేరు గాలిల పోయిందనుకో, గా డబ్బా తీస్కపోయి కృష్ణల ఏస్త. నువ్వు మల్ల పొయ్యి కాడికే.”

“ఊర్ల సగం మందిది అదే పేరు కద అత్తమ్మా.”

“అయితే మిగిలిన సగం ఊరినే పిలువు.”

అందుకని నేనొక ఉపాయం చేశాను. ఆ పేరు చీటీలో కనబడితే చాలు, “మా ఇంటాయన పేరే పెట్టుకున్న మేకలాయన కోరిన పాట” అనో, “మా ఇంటాయన పేరున్న పుట్టి మామ ఇప్పుడే బయల్దేరుతున్నాడు” అనో చదివేదాన్ని. గడ్డ మీద అందరికీ ఎవరో తెలిసిపోయేది. రోజులు గడిచేకొద్దీ నాకు బద్ధకం ఎక్కువై, చివరికి ఉట్టి “ఇంటాయన” అనడం మొదలుపెట్టాను. ఒకరోజు అవతలి ఒడ్డు రైతు ఒకాయన పనిగట్టుకుని పుట్టి ఎక్కి వచ్చి, రేడియో చూసుకునే హలో సారును (మైకు ముందు హలో హలో అనడం తప్ప ఇంకేమీ మాట్లాడడు గనుక మేం పెట్టిన పేరు) నిలదీశాడు.

“గా ఇంటాయన ఎవరు సారూ? పొద్దంత పాటలు ఆయనే అడుగుతడు, ఎద్దు ఆయనదే తప్పిపోతది, పుట్టి ఆయనే నడుపుతడు. ఒక్క మనిషి గిన్ని పనులు ఎట్ల చేస్తుండు?”

హలో సారు తల పట్టుకున్నాడు. “చూడమ్మా, ఇది రేడియో. రేపటి నుంచి ఎవరి పేరు వాళ్ళకు చదవాలి. నీ వల్ల కాదంటే చెప్పు, అటు ఒడ్డున ఇంకో అమ్మాయిని అడుగుతాను” అన్నాడు. పలికితే అత్త లేపేస్తుంది, పలకకపోతే సారు లేపేస్తాడు. ఆ రోజు సాయంత్రం రొట్టెలు కాలుస్తూ కాలుస్తూ నేను నవ్వుకోవడం చూసి మా అత్త, “ఏందే, పెనం మీద ఏమన్న కనపడ్డదా?” అంది. కనపడ్డది గానీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున చీటీల కట్ట ముందు పెట్టుకుని, పైచీటీ మీద ఆ పేరు చూసి, చదవకుండా పక్కన పెట్టి మైకులో మెల్లగా అన్నాను. “పాటలకు ముందు ఒక వంట సంగతి. మజ్జిగ చారు ఎట్ల చేయాలో చెప్తా. మా అత్తమ్మ చేసినట్లు మాత్రం చేయకండి.” అని ఒక పాట వేశాను. మా ఇంటి నుంచి బడికి పాటంత దూరం కూడా లేదు. పాట అయిపోయి నేను మైకు తెరిచేసరికి మా అత్త చేతిలో గరిటెతో గదిలో ఉంది. హలో సారు గొంగడికి ఆనుకుని నిలబడిపోయాడు.

“నా చారుకు ఏమైందే? ఇన్నేండ్లు తాగినోనికి లేని రోగం నీకెందుకొచ్చింది? ఆగు, వాన్నే పిలుస్త.” గుమ్మం వైపు తిరిగి, మైకు పక్కనే ఉందన్న ధ్యాస లేకుండా, ఏటి ఒడ్డున పుట్టిని పిలిచే కేకతో కొడుకును పేరు పెట్టి పిలిచింది. “యాడ సచ్చినవ్‌రా, జల్ది రా. నీ పెండ్లాం ఏమంటుందో ఇను.”

ఆ కేక మైకులోంచి స్తంభమెక్కి గడ్డంతా తిరిగింది. తల్లి పిలిచే పిలుపు ఎవరి తల్లిదైనా ఒకేలా ఉంటుంది కాబోలు, ఆ పేరున్న మగవాళ్ళందరూ లేచి వచ్చారు. మేకలాయన మేకలతో సహా వచ్చాడు. తల మీద నురగతో ఒకాయన, నాగలి వదిలేసి ఇంకొకాయన. పుట్టి మామ నడి ఏటిలో పుట్టి తిప్పేశాడు. అందులో గద్వాల సంతకు పోతున్నవాళ్ళు కూడా ఏమైందో చూద్దామని దిగివచ్చారు. అందరి వెనక, చివరగా, మా ఆయన. “ఏందే అమ్మా” అన్నాడు. మిగిలినవాళ్ళంతా ఆయన్ను కొరకొరా చూశారు.

హలో సారు అంతగా నవ్వడం నేను చూసింది అదే మొదలు. నేను చీటీల కట్ట అత్త ముందు పెట్టి, “పేరు నువ్వు పలుకు అత్తమ్మా, ఏ ఇంటాయనో నేను చెప్త” అన్నాను. కొడుకు పేరు పలకడానికి తల్లికి అడ్డేముంది? నేను “మేకల” అంటే ఆవిడ పేరు అనేది. నేను “పుట్టి” అంటే మళ్ళీ అదే పేరు. అన్నీ అయ్యాక మైకు మీదికి వంగి, “నా చారుల మాత్రం ఏ తప్పు లేదు” అని చెప్పి లేచింది. ఆ రోజు చేలో నవ్వి నవ్వి పువ్వులు తెంపేసుకున్నానని మా అమ్మ తర్వాత చెప్పింది. మర్నాటి నుంచి మా అత్త నాకంటే ముందే తయారై గుమ్మంలో నిలబడేది. “నడువే పిల్లా, మనకు టైమైతుంది” అనేది. మనకు అట.

రేడియో ఎక్కువ కాలం నిలవలేదు. ఒక వరదకు గదిలోకి నీళ్ళొచ్చి యంత్రం పాడైంది, సంస్థ వాళ్ళు మళ్ళీ రాలేదు. మా అమ్మ పోయింది, అత్తా పోయింది. హలో సారు వెళ్ళేముందు మా అత్త కేకేసిన ఆ పొద్దుటి మాటలు ఒక సీడీలో ఎక్కించి ఇచ్చాడు. మా బిడ్డ వాటిని నా ఫోన్లో వేసి పెట్టింది.

ఇప్పుడు మధ్యాహ్నం అన్నానికి ఆయన చేలోంచి రాకపోతే, నేను వాకిట్లోకి వచ్చి ఫోన్ చప్పుడు పెంచి పైకెత్తి పట్టుకుంటాను. మా అత్త ఏటి కేక వేస్తుంది. పత్తి మొక్కల మధ్య నుంచి ఆ తల నెరిసిన మనిషి “వస్తున్ననే అమ్మా” అంటాడు. అన్నాక గుర్తొచ్చి నవ్వుతాడో, ఇంకేం చేస్తాడో ఇంత దూరానికి కనబడదు. పక్క చేలల్లో మాత్రం ఇంకో ఇద్దరు ముగ్గురు పని ఆపి తలలెత్తుతారు. నేను కంచాలు పెట్టడానికి లోపలికి పోతాను.