షరా గడిలో తుమ్మి

నా ఉద్యోగమంతా రెవెన్యూ ఆఫీసులోనే గడిచింది. ఊళ్ళ పొలాల వివరాలు రాసే పెద్ద పుస్తకాల్లో ప్రతి వరసకీ చివర 'షరా' అని ఒక గడి ఉండేది. నేలలో మార్పు కనిపిస్తే అందులో రాయాలి. ఏ మార్పూ లేకపోతే 'మామూలే' అని రాసి చిన్న సంతకం పెట్టేవాళ్ళం. ఆ అలవాటే నా డైరీల్లోకీ వచ్చింది. పేజీ పైభాగంలో ఊళ్ళో నేను గమనించే మొక్కల లెక్క: తేదీ, చోటు, మొక్క, షరా. కింది భాగంలో ఇంటి విషయాలు.

కొత్తపేట దగ్గర మా ఊళ్ళో, కాలవ దాటాక చేలల్లోకి పోయే పుంత ఒకటి ఉంది. ఒకప్పుడు బళ్ళు తిరిగిన మట్టిదారి అది. దాని గట్టు మీద తుమ్మి మొలిచేది. తుమ్మి అందరూ ఎరిగిన మొక్కే. మోకాలి ఎత్తు కూడా ఉండదు. కణుపు కణుపునా గుండ్రటి ముళ్ళబంతిలాంటి గుత్తి, దానిలోంచి తెల్లగా తొంగిచూసే పూలు. చిన్నప్పుడు పువ్వు లాగి మొదట్లో ఉన్న తేనెచుక్క చప్పరించేవాళ్ళం. కార్తీకమాసంలో శివుడికి ఆ పూలే పెట్టేవారు.

దాని బతుకు ఒక్క ఏడాదే. వానలకు మొలిచి, కార్తీకానికి నిండుగా పూసి, చలి వెనకబట్టేసరికి గుత్తులతో సహా ఎండి నిలబడుతుంది. దుంపా ఉండదు, మళ్ళీ చిగిర్చే మోడూ ఉండదు. గుత్తిలోంచి రాలిన గింజే దాని మరుసటి ఏడు. నీళ్ళు నిలిచే చేలో అది బతకదు, కొబ్బరితోట నీడలో పూయదు. ఎండ తగిలే గట్టు కావాలి. మా ఊళ్ళో అలాంటి నేల తగ్గిపోతూ వచ్చింది. పుంతకి ఒక పక్క రొయ్యల చెరువు తవ్వారు, దాని ఉప్పునీరు ఇంకి ఆ వైపు గట్టు తెల్లగా పొరకట్టింది. రెండో పక్క వరిచేను. మిగిలింది ఆ చేను వైపు గట్టు, ఓ పాతిక అడుగుల ముక్క.

మొన్న వానాకాలం చివర్లో కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే మేడంగారు ఒకరు మా పంచాయితీకి వచ్చారు. ఊళ్ళోని మొక్కలూ పిట్టలూ అన్నీ ఒక రిజిస్టరుకి ఎక్కిస్తున్నారట. మా ఇంటికొచ్చి పుస్తకం తెరిచి, "తుమ్మి దేశమంతా దొరికే మొక్కండి, ప్రమాదమేమీ లేదని రాసుంది. కానీ మీ ఊళ్ళో నాకు ఒక్కటి కనబడలేదు. మీకెక్కడైనా తెలుసా అండి?" అని అడిగారు.

నాకు మహా ఉత్సాహం వచ్చింది. పెట్టె తెరిచి డైరీలు తెచ్చి బల్ల మీద వరసగా పేర్చాను. ఆవిడ ఒక్కొక్కటీ తిరగేశారు. పుంత గట్టు, తుమ్మి, మామూలే. మరుసటి ఏడు, మామూలే. నిరుడు, మామూలే.

"ఎంత మంచి రికార్డండీ! నిరుడు ఉందంటే గింజ నేలలో ఉన్నట్టే. ఊళ్ళో మిగిలిన చోటు ఇదొక్కటే అని చూపిస్తే, ఆ ముక్క మీద గడ్డిమందు కొట్టకుండా పంచాయితీ చేత ఆపించొచ్చు."

అప్పుడే కాఫీ తెచ్చిన మా ఆవిడ నావైపు ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది.

కర్ర పట్టుకుని మేడంగారితో పుంతకి నడిచాను. గట్టంతా ఎర్రగా మాడిన గడ్డి. పక్క చేను కౌలుకు చేసే రైతు వీపున మందుడబ్బాతో ఎదురొచ్చాడు. వరసకి నాకు కొడుకవుతాడు.

"ఏంటి బాబాయిగారూ, దారి తప్పేరా?"

"తుమ్మి చూద్దామని వచ్చేంరా."

"ఇంకెక్కడి తుమ్మండీ! మీరు ఈ పుంతలోకి వచ్చి ఎన్నాళ్ళయిందండి?"

నేను మోకాళ్ళ నొప్పి మొదలైన ఏడు నుంచీ రాలేదు. వీధి అరుగు మీద కూర్చునే రాశాను.

"మొదటిసారి మందు కొట్టినప్పుడు పూత మీదుందండి. అయ్యో అనిపించింది కూడాను. మరుసటేడు నాలుగంటే నాలుగు మొక్కలొచ్చేయి. ఆ తర్వాత అవీ లేవు. ఇదంతా మీకు తెలీదేంటండీ, ఊళ్ళో రికార్డంతా మీ దగ్గరే ఉంటదంటారు కదా!"

మేడంగారు మెల్లగా అడిగారు. "ఆ నాలుగు మొక్కలొచ్చిన ఏడు మీ డైరీలో ఏముందండి?"

"మామూలే" అన్నాను.

ఆవిడ రిజిస్టరులో ముందు రాసుకున్నది కొట్టేసి, 'ఈ చోట కనబడలేదు' అని రాసుకున్నారు. కనబడని మొక్క కోసం మందు ఆపమని పంచాయితీని అడగడానికి లేదన్నారు. ఆ నాలుగు మొక్కలప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే గుత్తులు కోసి గింజ దాచేవాళ్ళమని మాత్రం, వెళ్తూ వెళ్తూ అన్నారు.

మధ్యాహ్నం ఆ ఏటి డైరీ తెరిచాను. కార్తీక సోమవారం పేజీ. పైన 'తుమ్మి, మామూలే', చిన్న సంతకం. కింద ఇంటి విషయాల్లో, అదే సిరాతో, అదే చేత్తో: 'మా ఆవిడ తుమ్మిపూలు దొరకలేదన్నది. పూజకు మారేడు మాత్రమే.' రెండింటికీ మధ్య నాలుగు వేళ్ళ ఖాళీ కూడా లేదు.

డైరీ చూపిస్తే మా ఆవిడ చదవలేదు. "ఏటేటా చెప్తూనే ఉన్నానండి. నేను చెప్తే మాట, మీరు రాస్తే రికార్డాయె" అంది.

రికార్డులో తప్పు దొర్లితే చెరపకూడదు. ఎర్రసిరాతో గీత కొట్టి, పక్కన సరైనది రాసి, మళ్ళీ సంతకం పెట్టాలి. మోకాళ్ళ నొప్పి మొదలైన ఏడు నుంచి ఒక్కో డైరీ తీసి 'మామూలే' కొట్టేశాను. 'లేదు' అని రాయబోయి ఆగాను. అది రైతుకి తెలిసిన సంగతి, నాకు తెలిసింది కాదు. 'చూడలేదు' అని రాశాను. సాయంత్రం దీపం పెట్టేవరకూ ఆ పనే సరిపోయింది.

ఇప్పుడు సోమవారం సోమవారం పుంతకి వెళ్తున్నాను. రెండుచోట్ల ఆగి కూర్చోవాలి. గట్టు మీద వంగి, కర్రతో మాడిన గడ్డి పక్కకి తోసి చూస్తాను. ఈ కార్తీకంలో మొదటి సోమవారం ఇంటికొచ్చేసరికి మా ఆవిడ వాకిట్లో మారేడు దళాలు కడుగుతోంది.

"ఏమైనా కనబడిందా అండి?"

"లేదు."

ఆవిడ పళ్ళెంలో మరో దళం వేసింది. నేను లోపలికి వెళ్ళి డైరీ తీశాను. పుంత గట్టు. తుమ్మి. వెళ్ళి చూశాను. లేదు.