మూడు మోకుల చాప

మా మామ పోయాడన్న కబురు నాకు సిరిసిల్లలో అందింది. అమ్మగారింటికి వచ్చి రెండు రోజులు కూడా కాలేదు. పొద్దున్నే అత్త ఫోన్ చేసింది. "చాయ తాగి మళ్ల పండుకున్నడు పిల్లా. లేపితే లేస్తలేడు. నువ్వు రా," అంది. ఏడవలేదు, కేక పెట్టలేదు. 

చందుర్తి మీదుగా కోరుట్ల పోయే బస్సెక్కాను. మా ఊరు కోరుట్లకు దగ్గరే. దారంతా ఏడ్చాను. కానీ ఆ ఏడుపు మధ్యలో వచ్చిన ఆలోచన ఒకటి ఉంది, చెప్పుకోవాలంటే సిగ్గు. మామ కూర్చునే చాపను కూడా పారేస్తారేమో అనుకున్నాను. మా వైపు మనిషి పోతే, పదకొండో రోజున ఆయన పడుకున్న మంచం, కప్పుకున్న దుప్పటి, కూర్చున్న చాప ఊరి బయట వదిలేసి వస్తారు. ఆ ఒక్క చాప నాకు కావాలి. అడగడానికి మాత్రం మొహం లేదు. ఎందుకంటే అది నా తప్పులోంచి పుట్టిన చాప.

మామ ముప్పై ఏళ్లకు పైగా తాటిచెట్లు ఎక్కి కల్లు గీసిన మనిషి. నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకునే లావుపాటి తాడును మోకు అంటారు. ఎక్కిన మనిషి ప్రాణం దాని మీదే ఉంటుంది. మాదీ గీత కులమే గానీ, మా నాన్న పెళ్లికి ముందే సిరిసిల్ల వచ్చి సాంచలు నడిపాడు. సాంచలంటే మరమగ్గాలు. వాటి చప్పుడులో పెరిగిన నాకు పడుగు తెలుసు, పేక తెలుసు. మోకంటే ఏమిటో మాత్రం కంటితో చూసి ఎరగను.

కాపురానికి వచ్చిన రెండో నెల. వాన పడి వాకిలంతా బురద. అత్తామామలు బుగ్గారంలో పెళ్లికి పోయారు. మా ఆయన అప్పటికే సెలవు అయిపోయి దుబాయి వెళ్లిపోయాడు. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. గడప దగ్గర కాళ్లు తుడుచుకోవడానికి చేత్తో ఒక తాడు చాప అల్లి పెడితే, వచ్చేసరికి చూసి కోడలు పనిమంతురాలు అనుకుంటారని ఆశ. వెనక గదిలో మేకుకు మూడు పాత తాళ్లు వేలాడుతున్నాయి. మామ అప్పటికి ఏడాది కింద, మోకాళ్లు నొస్తున్నాయని చెట్టెక్కడం మానేశాడు. అవి ఎవరికీ అక్కర్లేని తాళ్లనుకున్నాను. వాటి మీద పసుపు ఎండిపోయి ఉంటే, మట్టి అనుకుని సబ్బు పెట్టి మరీ కడిగాను! ఆరాక పేటలు విప్పి, విరిగిన మంచం పట్టెలకు మేకులు కొట్టి, పడుగు లాగి కట్టి, సగం చాప అల్లేశాను.

వాళ్లు రానే వచ్చారు. అత్త చూసి నెత్తి కొట్టుకుంది. "ఓ నీ చేతులు వడిపోను! మోకులే గవి! పండుగ పండుగకు పసుపు వెట్టి మొక్కుతం! గడపకాడేసి తొక్కుదమనుకున్నవా?" అంది.  సిరిసిల్ల బస్సు ఎన్ని గంటలకుందా అని లోపల లెక్క వేసుకుంటున్నాను.

మామ చెప్పులు విడిచి, కింద కూర్చుని, ఆ సగం చాపను తన వైపు లాక్కున్నాడు. వేలితో ఒక్కో వరుసా నొక్కి చూశాడు.  నేను తిట్టు కోసం ఎదురు చూస్తున్నాను.

"గీ వరుస ఒదులున్నది బిడ్డా," అన్నాడు చివరికి. "ఎండు తాడుతోని అల్లితె గిట్లనే ఉంటది. తడిపి అల్లాలె."

అంతే. బకెట్‌లో నీళ్లు తెమ్మన్నాడు. మిగిలిన పేటలు నానబెట్టి, మిగతా చాప తానే అల్లాడు. మధ్యలో ఒక్కసారి మాత్రం అన్నాడు. "గీ మూడిట్ల ఒక్కటి గూడ నన్ను ఇడిశిపెట్టలేదు. తెగితే నేనుందునా?" అది విన్నాక నాకు ఏడుపొచ్చింది. అత్త లోపల గిన్నెలు గట్టిగా చప్పుడు చేస్తోంది. చాప పూర్తయ్యాక నా వదులు వరుసను విప్పుతాడనుకున్నాను. విప్పలేదు. "నువ్వు మొదలువెట్టినవ్ గద, ఉండనీ. గడపకాడ మాత్రం వెయ్యకు. నేను కూసుంట. ఇన్నొద్దులు మోసినయి, ఇంక గూడ మొయ్యనీ," అన్నాడు.

ఆ రోజు నుంచి పొద్దున చాయ దాని మీదే, అన్నం దాని మీదే. అత్త మాత్రం పదకొండేళ్లలో ఒక్కసారీ దాని మీద కూర్చోలేదు. ఊడ్చేటప్పుడు కూడా కాలు తగలకుండా చుట్టూ తిరిగేది. మా గీతవాళ్లు కొలిచే ఎల్లమ్మ పండుగ నాడు ఆ చాప మూలకు పసుపు పెట్టేది. ఆ పూటంతా నాతో మాట్లాడేది కాదు.

చాపలు అల్లడం మామకు అలా అలవాటైంది. పాత మంచాల నులక, గోనె తాళ్లు, నేను సిరిసిల్ల నుంచి మూటగట్టి తెచ్చే గుడ్డ అంచులు, ఏది దొరికితే దానితో అల్లేవాడు. మా వాడలో ఆయన చాప లేని గడప లేదు. నాకూ నేర్పాడు. నేను పడుగు, పేక అంటే నవ్వేవాడు. "గవి మీ సాంచల మాటలు. నాకైతె నిలువు, అడ్డం. అంతే," అనేవాడు. తొందరపడితే చేతిలోంచి తాడు తీసేసుకునేవాడు. "నోటికి తెలిస్తె ఏం లాభం బిడ్డా, చేతులకు తెలువాలె," అనేవాడు.

ఒక అలవాటు చూస్తే మాత్రం నాకు నవ్వు ఆగేది కాదు. ఏ తాడైనా సరే, అల్లే ముందు అరుగు మీది కంబానికి చుట్టి, తన నడుము వెనక నుంచి తిప్పి పట్టుకుని, బరువంతా వేసి వెనక్కి వాలేవాడు. అచ్చం చెట్టు మీద వాలినట్టే. "కాళ్లు తుడుసుకునే చాపకు గింత పరీక్ష ఏంది మామా?" అని ఎగతాళి చేసేదాన్ని. "తాడు తాడే. దాన్ని నమ్మి ఎవలో ఒకలు నిలవడుతరు," అనేవాడు, వాలినవాడు వాలినట్టే. కోరుట్లలో నా కుట్టు దుకాణంలో ఇవాళ్టికీ దారం లాగి చూడకుండా సూదికి ఎక్కించను. ఆయన అంటించిన రోగమే అది.

పదకొండో రోజు రానే వచ్చింది. మా ఆయన దుబాయి నుంచి వచ్చి అన్నీ పద్ధతి ప్రకారం చేశాడు. మామ చెల్లెలు మంచం, దుప్పటి, చెప్పులు వాకిట్లోకి చేర్చింది. చివరికి చాప మీద చెయ్యి వేసింది. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను.  మొదట్లో ఆ మోకుల పసుపు కడిగిన చేతులివి, ఏమని అడుగుతాను?

"గది ఉండనియ్యి," అంది అత్త.

"అన్న కూసున్నదే గద వదినె? ఇంట్ల ఉంచుతరా?"

అత్త బయటికి పోయి కాళ్లు కడుక్కుని, కొంగుతో తడి తుడుచుకుని వచ్చింది. చాప మీద కూర్చుంది. పదకొండేళ్లలో మొదటిసారి. ఇక దాన్ని లాగే ధైర్యం ఎవరికి ఉంటుంది? మామ చెల్లెలు మిగతావన్నీ తీసుకుని బయటికి నడిచింది.

ఈ ఏడు మాకు పండుగలు లేవు. అయినా పోయిన వారం ఎల్లమ్మ పండుగ నాడు పొద్దున్నే అత్త నన్ను కేకేసింది. చాప పక్కన పసుపు గిన్నె పెట్టుకుని కూర్చుని ఉంది. బొట్టు లేని ఆ ముఖం నాకింకా అలవాటు కాలేదు.

"ఇగ నేను పసుపు ముట్టద్దంటరు," అని గిన్నె నా వైపు జరిపింది. "నువ్వు వెట్టు."

నేను మూలకు పెట్టబోయాను. అత్త నా మణికట్టు పట్టుకుని ఆపింది. తన వేలితో తడిమి తడిమి, నా వదులు వరుస దొరికాక, అక్కడ నా చేతిని పెట్టింది.