అమ్మ అంగట్లో కొత్త పెట్టె

నా ఫోన్లో డబ్బులు పంపే యాప్‌లు మూడున్నాయి. ఏది స్క్రాచ్ కార్డు ఇస్తే ఆ వారం దానికి మారిపోతాను. ఒకసారి మదనపల్లెలో, పది రూపాయలు తిరిగొస్తాయని కూరగాయల బండి ముందు నిలబడి మూడోది ఎక్కించుకుంటుంటే, పక్కనున్నాయన గట్టి టమోటాలన్నీ ఏరుకుపోయాడు. అంగళ్ల మధ్య పెరిగిన తెలివి నాది.

ఆ తెలివితోనే అమ్మను కూడా మార్చాను. అమ్మది పుంగనూరు బస్టాండు పక్కన టెంకాయలంగడి. డబ్బు పడగానే ఎంత పడిందో పలికే పెట్టెకు నెలనెలా బాడుగ కడుతోంది. ఇంకో యాప్ వాళ్లతో మధ్యాహ్నమంతా వాదించి, బాడుగ లేని పెట్టె తెచ్చాను.

"పాతది బాగుండాది కదప్పా, యాల మార్చేది?"

"ఊరికే వస్తాంటే వద్దంటావేమా?"

తర్వాత ఒక ఆదివారం వెళ్లాను. కొత్త పెట్టె గొంతు సన్నం. బస్సు హారన్ కొడితే వినపడదు. టెంకాయ కొన్నామె ఫోను చూపించింది. "పడినాయి, సూడమ్మా." అమ్మ ఫోను చూడకుండానే తలూపింది. "నువ్వు సెప్తే సాలు తల్లీ."

అమ్మ ఎవర్నీ అంత తేలిగ్గా నమ్మగా నేను చూడలేదు. తర్వాతి మనిషి నోటిస్తే, దాన్ని వేలి పక్కన ఆనించి పొడవు చూసుకుంది. ఆ అలవాటు నాకు తెలుసు. దొంగనోటేమోనని పరీక్షిస్తోందనుకుని మురిసిపోయేవాణ్ణి. అది ఏ నోటో తెలుసుకోవడానికని ఆరోజే అర్థమైంది.

"కండ్లు కనపడ్డం లేదా మా?"

అమ్మ టెంకాయలు సర్దడం మొదలుపెట్టింది. "కనపడ్డం లేదని సెప్తే అంగడి మూసేయమంటావు. నీ ఇంట్లో కూర్చోబెడతావు. ఆడ నేనేం సేసేది, నీ టీవీకి బోణీ సేసేదా?"

"మూయమనను. కుప్పంలో కండ్ల డాక్టరుకు చూపిద్దాం."

"పాత పెట్టె తెస్తేనే వస్తా."

"తెస్తా."

"బాడుగ నువ్వే కట్టాల."

"కడతా."

"కుప్పం పోయిన దినం ఈడ నీ పెండ్లాం కూర్చోవాల. అంగడి మూత పడకూడదు."

"కూర్చుంటాది."

ఒక్కమాటకూ నేను బేరమాడకపోయేసరికి అమ్మకు అనుమానమొచ్చింది. చెయ్యి చాపింది. అది ముందు నా చెవి దగ్గర తడిమి, తర్వాత నుదురు మీదికొచ్చి ఆగింది.

"జరమేమన్నా వచ్చిందా నాయనా?"