మార్కాపురం గోల్ఫ్ జట్టు

మార్కాపురంలో గోల్ఫ్ మైదానం లేదు. గోల్ఫ్ కర్రలు అమ్మే అంగడి లేదు, ఆ ఆట గురించి మాట్లాడుకునే మనుషులూ లేరు. అయినా గోల్ఫ్‌లో ఆ ఊరికి ఒక ఘోరమైన ఓటమి ఉంది. ఆ ఓటమిని సొంత చేతులతో, ఎర్ర ఇంకు పెన్నుతో తెచ్చిపెట్టింది నేనే. ఇంతకాలం సిగ్గుపడి దాచాను. ఇప్పుడు మా నాయన సంతలో పదిమందికీ చెప్పేస్తున్నాడు కాబట్టి, ఆయన కలిపే ఉప్పూకారం లేకుండా నేనే చెప్పేస్తాను.

ముందు నా చదువు గురించి ఒక ముక్క. మాది బేస్తవారిపేట దగ్గర పల్లె. డిగ్రీ అయ్యాక గిద్దలూరులో ఉండి బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకున్నాను. మూడుసార్లు రాశాను. ఆ పరీక్షల్లో తప్పు జవాబు పెడితే ఉన్న మార్కులు కోస్తారు. నేనేమో ఏ ప్రశ్ననూ ఊరికే వదిలేసే మనిషిని కాను. ఒకసారి ఒక సబ్జెక్టులో నాకు సున్నా కంటే తక్కువ వచ్చింది. నవ్వకండి. సున్నా కావాలంటే ఖాళీ పేపరు ఇచ్చి రావచ్చు. అంతకంటే తక్కువ తెచ్చుకోవాలంటే కష్టపడి చదవాలి. నేను పగలూ రాత్రీ చదివాను.

ఆ రోజు నుంచి అంకె ముందు ఆ మైనస్ అడ్డగీత కనిపిస్తే చాలు, కాగితం బోర్లించేసేదాన్ని. ఆ గీతను కాస్త గుర్తుపెట్టుకోండి. నా కొంప ముంచింది అదే.

బ్యాంకుల మీద ఆశ వదులుకుని మార్కాపురంలో ఒక పలకరాయి ఫ్యాక్టరీలో ఆఫీసు పనికి చేరాను. ఒకప్పుడు అక్కడ పిల్లలు రాసుకునే పలకలు చేసేవాళ్ళు, ఇప్పుడు పెద్ద పెద్ద కట్టడాలకు నేలరాళ్ళు కోస్తున్నారు. యజమాని ఖాదర్ భాయ్. మనసు మంచిది, గొంతు పెద్దది. పాత మేనేజరు పని మానేసి వెళ్ళి ఆర్నెల్లయింది. ఆయన కూర్చునే తిరిగే కుర్చీ సరిగ్గా ఫ్యాను కింద ఖాళీగా ఉండేది. నేనేమో కిటికీ పక్కన స్టూలు మీద. రాయి కోసే మిషను దుమ్మంతా నా మీదే. ఉదయం నల్ల వెంట్రుకలతో వచ్చి సాయంత్రానికి ముసలమ్మనై బస్సెక్కేదాన్ని. కండక్టర్ రెండుసార్లు "కూర్చో అవ్వా" అన్నాడు కూడా. నాకు ఆ కుర్చీ కావాలి. ఆ రోజుల్లో నా ప్రార్థనలన్నీ ఆ కుర్చీ గురించే.

ఒక సోమవారం చెన్నై నుంచి వరదరాజులు గారు ఫోన్ చేశారు. మా రాయి కొనే పెద్దమనిషి, చెన్నై తెలుగాయన. ఒక గోల్ఫ్ క్లబ్బు భవనానికి నేలంతా పలకరాయి పరిచే పని ఆయన చేతిలో ఉంది. ఆ ఆర్డరు మాకు వస్తుందా, ఇంకెవరికైనా పోతుందా అని ఖాదర్ భాయ్‌కి వారంగా నిద్ర లేదు. ఫోన్లో ఏదో విని, చెయ్యి అడ్డం పెట్టి నా వైపు తిరిగారు.

"అమ్మీ, నీకు గోల్ఫ్ తెల్సునా?"

తెలియదు అనడానికి నాకు నోరు తెరవాల్సిన పనే లేదు, తల ఊపితే సరిపోయేది. కానీ ఆ క్షణంలో నా కళ్ళు ఖాళీ కుర్చీ మీద ఉన్నాయి.

"తెల్సు భాయ్."

"మా ఆఫీసులో గోల్ఫ్ బాగా తెల్సిన పిల్ల ఉంది సార్!" అని ఆయన ఫోన్లోకి అరిచారు. చెన్నైలో ఫోన్ లేకపోయినా వినిపించేది.

విషయం ఏమిటంటే, వరదరాజులు గారికి గోల్ఫ్ పిచ్చి. తనతో వ్యాపారం చేసే వాళ్ళందరితో ఒక వాట్సాప్ గ్రూపు పెట్టి ఒక ఆట ఆడిస్తారు. ఎక్కడో విదేశంలో పెద్ద పోటీ జరగబోతుంటే, ఆటగాళ్ళ జాబితా పంపుతారు. ఒక్కొక్కరు ఆరుగురిని ఎంచుకోవాలి. నాలుగు రోజులు ఆ ఆరుగురికి వచ్చిన అంకెలు కూడి ఎవరి జట్టు గెలిచిందో తేలుస్తారు. డబ్బులు లేవు. గెలిస్తే ఒక టోపీ. ఆ వారం పోటీ గురువారం మొదలు. పై సోమవారం ఆయనే స్వయంగా రాళ్ళు చూడ్డానికి మార్కాపురం వస్తున్నారు.

"చూడమ్మీ, ఆయన మనసు గెల్చుకుంటే ఆర్డర్ మనదే. ఆర్డర్ వస్తే ఆ కుర్చీ నీదే. ఇంగ నీ ఇష్టం" అన్నారు ఖాదర్ భాయ్.

జాబితా వచ్చింది. ప్రింటు తీశాను. పేరు, ఫోటో, కిందటి పోటీలో వచ్చిన అంకె. చూడగానే నా గుండె కరిగిపోయింది. పాపం, సగం మందికి మైనస్! ఒకరికి మైనస్ పన్నెండు. అందరికంటే పైన అతని పేరే వేశారు. మా కోచింగ్ సెంటర్లో కూడా ఇంతే, వెనకబడినవాళ్ళ పేర్లు ముందు రాసి గోడకు అంటించేవాళ్ళు. ఊళ్ళు వేరైనా అవమానించే పద్ధతి ఒకటే అనుకుని, ఆ పట్టికను కింద నుంచి పైకి చదవాలని నేనే ఒక సూత్రం కనిపెట్టాను.

మంగళవారం సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళి, వాకిట్లో కూర్చుని, ఎర్ర పెన్నుతో మైనస్ వచ్చినవాళ్ళ పేర్లన్నీ కొట్టేయడం మొదలుపెట్టాను. నాయన గేదెకు గడ్డి వేసి వచ్చి పక్కన కూర్చున్నాడు. మా నాయన కూలిపని చేస్తాడు. కానీ చుట్టుపక్కల ఎవరు ఎద్దులు కొనాలన్నా ఆయన్ని వెంటబెట్టుకుని పోతారు. కాలు చూసి, మెడ చూసి, నడిపించి చూసి చెప్తాడు.

"ఏంది పాపా, ఈ మొగోళ్ళ ఫోటోలు? పెండ్లి సంబంధాలా?"

"కాదు నాయనా, ఆటగాళ్ళు. ఆరుగురిని ఏరాల."

కాగితం లాక్కుని, దూరంగా పట్టుకుని, సంతలో ఎద్దులను చూసినట్టు ఒక్కొక్కరినీ చూశాడు. "వీడు బాగా మేసినాడు, కదల్లేడు. వీనికి భుజం వాలింది. వీడు ఫోటో తీసేవాని దిక్కు చూస్తాండాడు, పని మీద ధ్యాస లేదు." చివరికి ఒక సన్నటి మనిషి మీద వేలు పెట్టాడు. ఎండకు కమిలిన మొహం, చూపు నేల మీద. "ఈ బక్కోడు. కాళ్ళు చూడు, ఎట్ల నాటుకున్నాయో. వీన్ని తీసుకో."

"ఆయనకు మైనస్ ఏడు నాయనా! ఫెయిలైనోడు."

"అయితే ఏంది? నీకూ వచ్చె గదా మైనస్సు. నిన్నేమన్నా ఇంట్లోంచి తోలినానా?"

నిజమే. మూడుసార్లు ఫెయిలైనా ఆయన ఒక్కమాట అనలేదు. కానీ ప్రేమ వేరు, కుర్చీ వేరు. నాయన గేదెను చూడ్డానికి లేచిన మరుక్షణం బక్కోడి పేరు కూడా కొట్టేశాను. ప్లస్ తొమ్మిది, ప్లస్ పదకొండు, ప్లస్ పద్నాలుగు... ఇలా ఆరుగురు బ్రహ్మాండమైన మెరిట్ విద్యార్థులను ఏరి, మరునాడు ఖాదర్ భాయ్ చేత గ్రూపులో పంపించాను.

శుక్రవారం పొద్దున తొలిరోజు పట్టిక వచ్చింది. మా జట్టు అందరికంటే కింద ఉంది. అంకె చూస్తే ప్లస్ ముప్పై ఒకటి! మిగతా వాళ్ళలో చాలామంది మైనస్‌లో ఈడుస్తున్నారు.

"భాయ్, మనమే ఫస్ట్!"

"అరె, కింద ఉండాము గదా అమ్మీ?"

"ఈ ఆటలో పట్టిక తలకిందులుగా రాస్తారు భాయ్."

ఎంత ధైర్యంగా చెప్పానంటే, చెప్పాక నేను కూడా నమ్మేశాను. ఖాదర్ భాయ్ అప్పటికప్పుడు జిలేబీ తెప్పించి, రాయి కోసేవాళ్ళ దగ్గర్నుంచి లారీ డ్రైవరు దాకా అందరికీ పంచారు. గ్రూపులో గొంతు రికార్డు చేసి పెట్టారు కూడా: "సార్, మార్కాపురం అంటే ఏమనుకున్నారు! మమ్మల్ని పట్టుకోవడం ఎవరి వల్లా కాదు!" దానికి వరదరాజులు గారు "నిజమే" అని ఒక్క మాట రాశారు.

శనివారం ఇంకో వార్త. మా ఆరుగురిలో అయిదుగురిని రెండు రోజుల ఆటకే ఇంటికి పంపించేశారట.

"ఎందుకు పంపించినారు అమ్మీ?" ఖాదర్ భాయ్ ఫోన్ తెచ్చి నా ముందు పెట్టారు.

"వాళ్ళకు కావాల్సినన్ని వచ్చేసినాయి భాయ్. ఇంగ ఆడే పని లేదు. తక్కువ వచ్చినోళ్ళే మిగతా రెండు రోజులు ఆడాల."

"అయిదుగురూ అంత బిరీన పాసైనారా! మాషా అల్లా!"

మళ్ళీ జిలేబీ.

ఆ సాయంత్రం ఇంట్లో ఫోన్లో ఆ ఆట పెట్టుకుని చూస్తున్నాను. నాయన వచ్చి, నా భుజం మీద నుంచి కాసేపు చూశాడు. ఒకాయన కర్రతో కొట్టాడు, నడిచాడు, మళ్ళీ కొట్టాడు, బంతి గుంతలో పడింది. జనం చప్పట్లు.

"పాపా, గుంతలో పడేదాక ఎన్ని దెబ్బలు కొట్టినాడని లెక్కేస్తారా?"

"అంతే నాయనా."

"మరి ఎక్కువ దెబ్బలు కొట్టినోడు గొప్పోడు ఎట్లయితాడు? నేను పలక గనిలో చేసేటప్పుడు రెండు దెబ్బలకు పొర లేపితే మేస్త్రీ శభాష్ అనేవాడు. ఇరవై దెబ్బలు కొట్టినోన్ని ఆ పొద్దే ఇంటికి పంపిచ్చేవాడు."

ఇంటికి పంపించేవాడు. ఆ మాట చెవిన పడగానే ఫోన్ పక్కన పెట్టేశాను. తక్కువ దెబ్బలు కొడితే గొప్ప. అనుకున్నదానికంటే తక్కువ కొడితే మైనస్. అంటే మైనస్ వాళ్ళే ఫస్ట్ క్లాసు. పట్టిక తలకిందులుగా లేదు, తలకిందులుగా ఉన్నది నేను. రోజూ నా కిటికీ ముందే ఉలి దెబ్బలు లెక్కపెట్టుకుంటూ మనుషులు రాళ్ళు చీలుస్తుంటే, చూస్తూ కూర్చుని కూడా నాకు తట్టలేదు.

ఆదివారం చర్చిలో మోకాళ్ళ మీద నుంచి నేను లేవలేదు. పాస్టరు గారు నా భక్తికి పొంగిపోయారు.

సోమవారం పొద్దున ఖాదర్ భాయ్ ఇస్త్రీ లాల్చీలో, అత్తరు రాసుకుని, బిర్యానీకి చెప్పి సిద్ధంగా ఉన్నారు. నేను నిజం చెప్పేశాను. ఆయన మెల్లగా బెంచీ మీద కూర్చున్నారు.

"అయితే... మనం కడగొట్టు వచ్చినామా?"

"అవును భాయ్."

"మరి జిలేబీ దేనికి పంచినాము అమ్మీ?"

"ఓడిపోతున్నందుకు భాయ్."

"రెండుసార్లా?"

"రెండోసారి ఇంకా బాగా ఓడిపోయినందుకు."

ఆయన ఇంకేదో అనబోతుండగా బయట కారు ఆగింది. వరదరాజులు గారు తెల్ల మీసాలతో, నెత్తిన టోపీతో, చేతికర్రతో లోపలికొచ్చి, నేరుగా పోయి ఆ తిరిగే కుర్చీలోనే కూర్చున్నారు. నా కుర్చీలో!

"ఎవరమ్మా ఆ ఆరుగురిని ఏరింది?"

నేను లేచి నిలబడ్డాను. ఖాదర్ భాయ్ నాకంటే ముందే అందుకున్నారు. "పెద్దవాళ్ళు మీరు, మీమీద గెలవడం మర్యాద కాదని, కావాలనే సార్, మా పిల్ల..."

మంచి సాకు. దాన్ని పట్టుకుంటే కుర్చీ దక్కేదే. కానీ ఆ పెద్దాయన కళ్ళు నా వైపే చూస్తుంటే నా వల్ల కాలేదు.

"కాదు సార్. నాకు గోల్ఫ్ తెల్వదు. మైనస్ వచ్చినోళ్ళంతా ఫెయిలైనోళ్ళనుకున్నా. నాకు బ్యాంకు పరీక్షలో మైనస్ వచ్చింది, అందుకని..."

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. మొదట మీసాలు, తర్వాత పొట్ట, చివరికి కుర్చీ మొత్తం ఊగింది. ఊగి ఊగి ఫెళ్ళుమని ఒక కాలు విరిగి, వరదరాజులు గారు నవ్వుతూనే మా పలకరాతి నేల మీదికి దిగారు. లేపడానికి పోతే చేత్తో ఆగమన్నారు. కింద కూర్చునే రాయిని తట్టి చూసి, కళ్ళు తుడుచుకుని అన్నారు, "ఖాదర్, రాయి గట్టిదేనయ్యా. పంపేటప్పుడు విరిగిన రాళ్ళెన్నో ఈ అమ్మాయి చేత లెక్కపెట్టించు. దాచదు. ఆర్డరు నీదే."

ఆర్డరొచ్చింది. కుర్చీ కూడా వచ్చింది, విరిగిన కాలి కింద పలక ముక్క పెట్టుకుని ఇప్పటికీ దాంట్లోనే కూర్చుంటున్నాను. కాస్త ఎడమకు ఒరుగుతుంది, నేను కుడికి ఒరుగుతాను.

అంతటితో అయిపోతే బాగుండేది. బిర్యానీ తింటూ ఆయన, "ఎవరూ ఊహించలేదమ్మా, ఒక సన్నటి కుర్రవాడు గెలుచుకుపోయాడు" అని ఫోన్లో ఫోటో చూపించారు. ఎండకు కమిలిన మొహం. నేలచూపు. నాటుకున్న కాళ్ళు. నేను ఎర్ర పెన్నుతో కొట్టేసిన బక్కోడే! నాయన సంగతి కూడా చెప్పక తప్పలేదు. "ఎద్దులను చూసినట్టు చూసి చెప్పాడా?" అని ఆయన నెత్తి మీది టోపీ తీసి, "ఇది మీ నాయనది" అని నా చేతిలో పెట్టారు.

ఆ టోపీ పెట్టుకునే నాయన ఇప్పుడు ఎద్దుల సంతకు పోతున్నాడు. పెద్ద పోటీ వచ్చిందంటే చెన్నై నుంచి నా ఫోన్ మోగుతుంది. నేను ఎత్తి "నమస్కారం సార్" అంటాను. "బాగున్నావామ్మా? ఫోన్ మీ నాయనకివ్వు" అంటారు. అంతే నాతో పని.

కాబట్టి ఈ విరిగిన కుర్చీ మీద చెయ్యి వేసి ఒట్టు పెడుతున్నాను. ఇక ఈ జన్మలో అంకె ముందు అడ్డగీత చూసి ఏ మనిషినీ ఫెయిలైనవాడు అనను. ముందు ఇది ఏ ఆట అని అడుగుతాను. తర్వాత నాయనకు ఫోటో చూపిస్తాను. ఆయన కాళ్ళు చూసి, మెడ చూసి, సరే అనేదాకా ఎర్ర పెన్ను మూత తీయను.